సికిందరాబాదు నుండి సోమ్ వరకు

కోనసీమవారికి మట్టి త్రవ్వుట క్రొత్తగాదు. 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ సైనికాధికారియే. ఆ కాలువలలో పూడిక తీసినవానికి బురద బరువెంతయో తెలియును. అట్టి బురదలో నెలల తరబడి నిలిచి, గుండ్లకు తల దాచుకొనుటయే కందకయుద్ధము. 1916లో ఫ్రాన్సుదేశమున సోమ్ నదీప్రాంతమున జరిగిన అట్టి మహాసంగ్రామమునకును, దానిని నడపిన అధికారికిని, మన తెలుగునేలకును గల సంబంధమును నేడు మనవి చేయుదుము.

ఆ యుద్ధమున బ్రిటిషు సేనాధిపతి సర్ డగ్లస్ హేగ్. ఇతడు 1885లో ఏడవ హుస్సార్ల ఆశ్వికదళమున చేరి, మరుసటి యేడు చివర హిందూదేశమునకు బయలుదేరెను. ఆ దళము సికిందరాబాదు దండులో విడిసినది. 1888లో హేగ్ దానికి అడ్జుటెంటు అయ్యెను. అనగా కవాతును, క్రమశిక్షణను నిత్యము చూచుకొను అధికారి. 1903 నుండి 1906 వరకు ఈ దేశపు ఆశ్వికదళములకు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా నుండెను. శత్రుపంక్తి చీలినచోట గుఱ్ఱపుదండు దూకి విజయమును పూర్తిచేయునని ఇతని నమ్మకము.

సోమ్‌లో ఆ పంక్తి చీలలేదు. తొలిదినమైన జూలై 1న, హతులు, గాయపడినవారు, జాడ తెలియనివారు కలిసి బ్రిటిషు సేనకు 57,470 మంది నష్టము. అందు మృతులు 19,240. జూలై 14 వేకువను శత్రువు రెండవపంక్తిలో కొంతభాగము చిక్కినది. అప్పుడు పిలుపు వచ్చినది సికిందరాబాదు ఆశ్వికబ్రిగేడునకు! నిజాము రాజ్యపు పూర్వసైన్యము నుండి పుట్టిన దక్కన్ హార్సు అందుండెను. గుంటలు పడిన నేలను గుఱ్ఱములు దాటుసరికి సాయంకాలమైనది. హైవుడ్ అను అడవి ప్రక్కన పైరుచేలలో రౌతులు బల్లెములతో దూకి, కొందరిని పొడిచి, కొందరిని బందీలుగా పట్టిరి. కాని మరతుపాకుల ముందు గుఱ్ఱమేపాటి? మరునాటి వేకువకు వెనుకకు మరలిరి.

ఆ అడవి సెప్టెంబరు 15న గాని వశము కాలేదు. ఆ దినముననే టాంకులు తొలిసారి యుద్ధరంగమున కనబడినవి. వానిని దింపినవాడును హేగే. కావున ఇతడు క్రొత్తను ఎఱుగనివాడనుట న్యాయము గాదు. ఆశను సకాలమున విడువలేకపోయెననుటయే సబబని మేము తలంతుము. నవంబరు 18న పోరు ముగియునాటికి ముందుకు జరిగినది ఆరేడు మైళ్లు. బ్రిటిషు పక్షపు నష్టము ఇంచుమించు 4,20,000.

హేగ్‌కు నగరములలో విగ్రహములు వెలసినవి. ఫ్రాన్సున మడిసి, సమాధియైన నోచని మన సైనికుల పేర్లు, 4,700కు పైగా, న్యూవ్ షాపెల్ స్మారకపు గోడపై చెక్కియున్నవి. సేనాపతి నమ్మకము ఎంత వెల చేయునో ఆ గోడ చెప్పుచున్నది.