ఇంట నొక చిన్న సముద్రము

పగడపుదిబ్బను ఇంట నిలుపగోరువారు ప్రాణులకంటె ముందు నీటిని సిద్ధపఱుపవలెను. శుద్ధజలమున లీటరునకు సుమారు 35 గ్రాముల సముద్రలవణ మిశ్రమమును కరగింపుడు. వంటయుప్పు చాలదు; పగడము గూడు కట్టుకొనుటకు వలయు సున్నపుధాతు వందుండదు. వేడిమి 25 డిగ్రీల చెంత నుండవలెను.

గాజుతొట్టిలో రంధ్రములుగల కృత్రిమశిలల నమర్చి, నీరు కదలునట్లు చేసి, చిటికెడు చేపమేత వేసి, 4 మొదలు 6 వారములు వేచియుండుడు. మేత కుళ్లి అమోనియా యను విషము పుట్టును. శిలలపై పెరుగు సూక్ష్మజీవులలో నొక జాతి దానిని నైట్రైటుగను, వేఱొక జాతి ఆ నైట్రైటును అంతగా హానిచేయని నైట్రేటుగను మార్చును. పరీక్షలో మొదటి రెండును కనబడనప్పుడే చేపను విడువవలెను. తొందరపడినచో దాని ప్రాణము పోవును.

ఆవిరియగునది నీరే గాని యుప్పు గాదు. కావున తగ్గినంతమేరకు ఉప్పులేని శుద్ధజలమునే పోయుడు.

మన దేశమున రాతిపగడములు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే రక్షితములు. మన్నారు సింధుశాఖనుండి యొక తునకనైనను తేరాదు. మండపమునందలి కేంద్రీయ సముద్రమత్స్య పరిశోధనశాలవారు క్లౌనుచేపల పిల్లలను తొట్టెలలోనే పుట్టించి పెంచిరి. అట్లు పెరిగిన చేపల జంటతో, తొట్టెలో పెంచిన మెత్తని పగడముతో నారంభింపుడు. సముద్రమును ప్రేమించువారు దానిని దోచుకొనరాదు గదా!