లారీ నడుపబోవు యువకునకు మన మాట
(పంచాయతీ సభ్యుల శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రామములనుండి ఏటేట కొందరు యువకులు లారీపనికి పోవుచున్నారు. మొదట క్లీనరుగా బండి యెక్కుదురు. టైర్లు తట్టి చూచుట, లోడుపై తాడు బిగించుట, వెనుకకు వచ్చు బండికి దారి చెప్పుట నేర్చుకొందురు. కొంతకాలమునకు స్టీరింగు పట్టుదురు. వారి తండ్రులు ముందుగా మీ యరుగు మీదికి వచ్చి, "పిల్లవానిని పంపమందురా?" అని అడుగుదురు. అందులకు మీరేమి చెప్పవలెననునదియే నేటి నా విషయము.

పంపుడని నిస్సంకోచముగా చెప్పవచ్చును. మన మిరపకాయలు గుంటూరు యార్డుకు చేరినను, ఎరువుల బస్తాలు మన యూరికి వచ్చినను, అది లారీ డ్రైవరు శ్రమఫలమే. ఇది గౌరవముగల వృత్తి. కాని ఈ వృత్తిలో అడుగిడు యువకునకు రెండు సంగతులు ముందే తెలియవలెను.

మొదటిది లైసెన్సు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము రవాణా వాహనము నడుపుటకు 20 ఏండ్లు నిండవలెను. తేలిక మోటారు వాహనపు లైసెన్సు పొంది కనీసము ఒక సంవత్సరము గడచినగాని రవాణా వాహనమునకు లెర్నరు లైసెన్సు ఈయరు. గుర్తింపు పొందిన శిక్షణ పాఠశాలనుండి ధ్రువపత్రము, వైద్యుని ధ్రువపత్రము కావలెను. 8వ తరగతి చదివియుండవలెనను నియమము 2019లో తొలగింపబడినది. అయినను దారి పలకలను, సరుకు పత్రములను చదువలేనివాడు అడుగడుగునను ఇతరులపై ఆధారపడవలసివచ్చును. కనుక చదువును విడువవద్దని చెప్పుడు.

ఈ వరుసను దాటుట ఎట్లు జరుగునో మీకు తెలియనిది కాదు. నడిరాత్రి డ్రైవరు అలసిపోవును. "రెండు గంటలు పట్టుకో, దారి ఖాళీగానే యున్నది" అని క్లీనరుకు బండి నప్పగించును. పిల్లవాడు దానిని గౌరవమని పొంగిపోవును. ఆ రాత్రి ప్రమాదము జరిగినచో నేరము వానిపై బడును. లైసెన్సులేని వానిచేత బండి నడిపించిన యజమానియు శిక్షార్హుడే. పోయిన ప్రాణమును మాత్రము ఎవ్వరును తిరిగి తేలేరు. "నాకు లైసెన్సు లేదు, నడుపను" అని చెప్పు ధైర్యమును మన పిల్లవానికి ఇంటియొద్దనే నేర్పి పంపవలెను.

రెండవది నిద్ర. ఒకమారు రహదారి ప్రక్క టీ దుకాణమున ఒక వృద్ధ డ్రైవరుతో మాటలాడితిని. "అయ్యా, బ్రేకు పోతే కాలికి తెలుస్తుంది. నిద్ర పడితే కంటికి తెలియదు" అని అతడు నాతో అనెను. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు లారీ ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు సాగును. మూడు సెకనులు రెప్పలు వాలినచో 50 మీటర్లు దాటును. ఆ 50 మీటర్లలో బండికి సారథి లేడు. తెల్లవారుజామున ఈ యపాయము హెచ్చు. టీ త్రాగినను, ముఖము కడిగికొన్నను నిద్ర కొంతసేపు వాయిదా పడునే గాని తీరదు. బండిని సురక్షితస్థలమున నిలిపి నిద్రించుట యొక్కటే మందు.

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు పనికి హద్దుగా పెట్టెను. 5 గంటల పనికి మించకుండ అరగంట విశ్రాంతి విధించెను. కాలక్రమమున చట్టములు మారినను దేహధర్మము మారదు. 2025 అక్టోబరు 1 నుండి తయారగు లారీల డ్రైవరు గదికి శీతల యంత్రము తప్పనిసరి యైనది. అది సంతోషమే, కాని గది చల్లనైనంత మాత్రమున నిద్ర తీరదు.

మద్యము సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములు మించి మద్యమున్నచో మొదటి నేరమునకే 6 నెలల వరకు జైలు గాని, 10,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. పరిమితికి మించిన లోడునకు 2019 సవరణ చట్టము 20,000 రూపాయలును, అదనపు టన్నుకు 2,000 రూపాయలును జరిమానా నిర్ణయించినది. "యజమాని వేయించినాడు" అను మాట డ్రైవరును కాపాడదు.

ఇక మీ వంతు. తండ్రి మీయొద్దకు వచ్చినప్పుడు ఈ ప్రశ్నలు వేయుడు. పిల్లవాని వయస్సెంత? కంటిచూపు పరీక్ష చేయించితిరా? ఏ యజమానియొద్ద చేరుచున్నాడు? జీతము, బత్తా ఎంతయని కాగితముపై వ్రాసికొంటిరా? దూరపు పయనములకు రెండవ డ్రైవరు ఉండునా? ఈ ప్రశ్నలు వేయుటకు నిధులు అక్కరలేదు, తీర్మానము అక్కరలేదు. ఊరిపెద్ద అడిగినాడని తెలిసిన యజమాని కూడ జాగ్రత్త వహించును.

సరుకు ఒక పూట ఆలస్యముగా చేరినచో నష్టము కొంత. పిల్లవాడు చేరనిచో ఆ యింటి నష్టమునకు లెక్కలేదు. ఈ మాట మీ నోట వచ్చినచో పిల్లవాడు వినును.