కృష్ణబిలంలో సస్పెన్స్ ఖాతా
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి మాట్లాడవలసిన చోట వీడు కృష్ణబిలాలంటాడేమిటని మీరనుకోవచ్చు. మా మనవరాలు వాటి మీదే పరిశోధన చేస్తోంది. ఫోనులో చదువు సంగతి ఎత్తగానే “అమ్మమ్మకిస్తానుండు తల్లీ” అని తప్పుకునేవాణ్ణి. ఒకరోజు ఆ పిల్ల “తాతయ్యా, నీకెప్పుడూ విననే విననివ్వవేం?” అంది. ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. పట్టుబట్టి చదవడం మొదలుపెట్టాను.

కృష్ణబిలం దగ్గరికి వచ్చినదాన్నల్లా గుటుక్కున మింగుతుందనుకుంటాం. అలా జరగదు. భూమి సుమారు 450 కోట్ల ఏళ్లుగా సూర్యుని చుట్టూ తిరుగుతున్నా అందులో పడలేదు కదా! వాయువు కూడా బిలం చుట్టూ పళ్లెంలా పరచుకుని తిరుగుతుంది. లోపలికి దిగాలంటే తన తిరుగుడు బలాన్ని పైనున్న పదార్థానికి అప్పగించాలి. మామూలు రాపిడి అందుకు ఏ మూలకూ చాలదు.

1973లో సోవియట్ శాస్త్రజ్ఞులు షకురా, సున్యాయెవ్ ఒక ఉపాయం చేశారు. ఏదో అలజడి వల్ల రాపిడి పెరుగుతోందనుకుని, దాని మొత్తానికి ‘ఆల్ఫా’ అని ఒక్క అక్షరం పెట్టి లెక్క పూర్తిచేశారు. పద్దుల్లో పనిచేసినవారికి వేరే చెప్పాలా? వివరం తేలని మొత్తాన్ని మనం సస్పెన్స్ ఖాతాలో వేసేవాళ్లం. ఇదీ అదే!

1991లో బాల్బస్, హాలీ అనే ఇద్దరు వివరం తేల్చారు. గుడి చుట్టూ ఇద్దరు ప్రదక్షిణం చేస్తున్నారనుకోండి. లోపలివాడు వేగంగా, బయటివాడు నిదానంగా తిరుగుతున్నారు. ఇద్దరి నడుమా రబ్బరు తాడు కట్టాం. తాడు లోపలివాణ్ణి వెనక్కి, బయటివాణ్ణి ముందుకు లాగుతుంది. వాయువులోనైతే వెనక్కి లాగబడినది ఇంకా లోపలికి జారుతుంది, ముందుకు లాగబడినది ఇంకా బయటికి పోతుంది. తాడు మరింత సాగుతుంది, లాగుడూ పెరుగుతుంది. ఆ తాడే అయస్కాంత క్షేత్రం. చాలా బలహీనమైనదైనా చాలు, నిలకడగా తిరిగే పళ్లెం అల్లకల్లోలమవుతుంది.

నన్ను ఆశ్చర్యపరచింది మరొకటి. ఈ సూత్రాన్ని 1959లో వెలికోవ్, 1960లో మన చంద్రశేఖర్ లెక్కగట్టి ఉంచారు, తిరిగే గొట్టాల మధ్య ద్రవం గురించి. అంటే ఓచరు 30 ఏళ్లుగా రికార్డు రూములోనే ఉంది! నా సర్వీసులో అలాంటి కాగితాలు ఎన్ని చూశానో. కావలసినవాడు రిటైరయ్యాక దొరికేవి.

బిలానికి మరీ దగ్గరైతే తాడుతో పని లేదు. సూర్యునికి 10 రెట్ల బరువుండి, తిరగని బిలం వ్యాసార్ధం సుమారు 30 కిలోమీటర్లు. 90 లోపల నిలకడైన కక్ష్యే లేదు, పదార్థం తనంత తానే పడిపోతుంది. దానికి ముందే కాగిపోయి ఎక్స్ కిరణాలు వెదజల్లుతుంది. 2015లో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ చూసింది అలాంటి కిరణాలనే.

ఖాతా పూర్తిగా మూతపడలేదండోయ్. ఆకాశంలో కనిపించే ఆల్ఫాకూ కంప్యూటరు లెక్కల్లో వచ్చే ఆల్ఫాకూ సుమారు పదింతలు తేడా ఉందని 2007లో ముగ్గురు శాస్త్రజ్ఞులు చూపించారు. మా మనవరాలి పని ఆ తేడా మీదే. ఎక్కడిదాకా వచ్చిందని ఇప్పుడు ప్రతి ఆదివారం నేనే ఫోను చేసి అడుగుతున్నాను. వాళ్ల అమ్మమ్మ తన వంతు కోసం పక్కనే కూర్చుంటోంది.