ఆచరణ వేదాంతము: రొమేరో దృష్టాంతము

దైవవిచారము గ్రంథములయందే నిలిచియుండవలసినదా, లేక ప్రజల కష్టసుఖములలో ప్రవేశించి న్యాయాన్యాయములను వివేచింపవలసినదా యను ప్రశ్నకు, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడోర్ దేశమున నొక మతాచార్యుని చరిత్రము చక్కని సమాధానము.

1977లో శాన్ సాల్వడోర్ నగర ఆర్చిబిషప్పైన ఆస్కార్ రొమేరో సంప్రదాయాభిమానిగా, మితభాషిగా పేరొందినవాడు. ఆ యేడు మార్చి 12న, రైతుకూలీల పక్షమున నిలిచిన ఆయన మిత్రుడు ఫాదర్ రుటీలియో గ్రాండే, ఒక వృద్ధునితోను ఒక బాలునితోను గూడ తుపాకి గుండ్లకు బలికాగా, రొమేరో మార్చి 20, ఆదివారమున తన పరిధిలోని చర్చిలన్నిట ఆరాధనలు నిలిపివేసి, ప్రధాన చర్చియందు మాత్రము ఒకే పూజ జరిపించి, ఆ శోకమును దేశమంతటి శోకముగా జేసెను.

అటుపిమ్మట ఆయన ఆదివార ప్రసంగములు రేడియో ద్వారా మారుమూల పల్లెలకు వినవచ్చుచుండెను. మొదట వేదవాక్యమునకు వ్యాఖ్యానము, పిదప ఆ వారమున హతులైనవారి, అదృశ్యులైనవారి వార్తలు: ఇదియే ఆ ప్రసంగముల క్రమము. ప్రభుత్వమునకు జంకు పత్రికలు చెప్పని సత్యమును ధర్మపీఠము చెప్పెను. ఆ రేడియో కేంద్రము బాంబుదాడికి గురియైనను ఆయన వెనుదీయలేదు.

1980 మార్చి 23న, ప్రజలను చంపుట మానుడని సైనికులనే సంబోధించి ఆయన వేడుకొనెను. మరునాడే, ఒక ఆసుపత్రి ప్రార్థనామందిరమున పూజ సలుపుచుండగా హత్యకు గురియయ్యెను. 2018లో కతోలిక సంఘ మాయనను పునీతునిగా ప్రకటించినది.

వాస్తవస్థితిని చూచుట, ధర్మము వెలుగున దానిని తూచుట, పిదప కార్యమునకు పూనుట: ఈ మూడును గూడినప్పుడే వేదాంతము ఆచరణ వేదాంతమనిపించుకొనును.