ఈతకొలని సంరక్షణము

మన టేకుమట్ల ప్రాంతపు పెద్దలలో పలువురు మోటబావులలో ఈత నేర్చినవారే. నడుమునకు మునగబెండు కట్టుకొని దుమికిన ఆ దినములలో నీటిని శుభ్రపఱచు చింత వారి కుండెడిది కాదు. మోట పాతనీటిని తోడుచుండగా, ఊట క్రొత్తనీటిని నింపుచుండెను. నేడు కొందఱు తమ తోటలలో సిమెంటు ఈతకొలనులు కట్టించుకొనుచున్నారు. వీనికి ఊట లేదు, మోట లేదు. ఆ రెండింటి పనిని యజమానియే చేయవలెను. తలకొక సలహా విని కలవరపడు క్రొత్త యజమాని ఈ యొక్క మాట గ్రహించినచో సగము భయము తీఱును.

నీటినుండి రోగము వ్యాపించుట మన కెఱుగని సంగతి కాదు. నారికురుపు గలవాడు దిగుడుబావిలో కాలు పెట్టగా, ఆ నీరు త్రాగినవారికి ఆ వ్యాధి సోకెడిది. మన దేశము దానినుండి విముక్తమైనదని 2000లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించినది. ఈదువాడును కొంత నీరు మ్రింగక మానడు. కావున పదిమంది దిగు నీటికి కాపుదల వలయును.

మొట్టమొదట కొలనిలోని నీరెంతయో లెక్కింపవలెను. పొడవు 10 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు, సగటు లోతు 1.2 మీటర్లు అయినచో నీరు 60,000 లీటర్లు. గంటకు 10,000 లీటర్లు త్రోయు పంపును దినమునకు 6 గంటలు నడిపిన, అంత నీరు ఇసుక వడపోతగుండా సాగును. ఆకులను, చెత్తను ప్రతిదినము వలతో తీసివేయవలెను. గోడలను వారమున కొకసారియైన తోమవలెను.

ఇక మందు. లీటరు నీటికి 1 మొదలు 3 మిల్లీగ్రాముల క్లోరిను నిలిచియుండవలెను. మూడవవంతు క్లోరిను గల బ్లీచింగు పౌడరు 180 గ్రాములు వేసిన, పై కొలనిలో సుమారు 1 మిల్లీగ్రాము పెరుగును. పీహెచ్ 7.2 మొదలు 7.8 వఱకు ఉండవలెను. అది మించినచో క్లోరిను బలము తగ్గును. ఈ రెండింటిని పరీక్షపెట్టెతో చూచిన పిదపనే మందు వేయవలెను గాని కంటి అంచనాతో కాదు.

ఎండకు క్లోరిను హరించును గనుక ప్రొద్దుగ్రుంకిన పిదప వేయుట మేలు. ప్లాస్టిక్ బకెట్టులో ముందు నీరు పోసి, అందు పౌడరు కలిపి, తేరిన నీటిని పంపు నడుచుచుండగా కొలనిలో పోయవలెను. మఱునాడు పరీక్షించినగాని ఎవరును దిగరాదు. పౌడరును యాసిడ్డును ఎన్నడును కలుపరాదు, విషవాయువు పుట్టును. రెండింటిని వేఱువేఱు చోట్ల దాచవలెను.

ఘాటువాసన వచ్చినచో మందెక్కువైనదని తలంతురు. తఱచుగా అది చెమటతో, మూత్రముతో కలిసి చెడిన క్లోరిను వాసన. అందుచేత స్నానము చేసియే దిగవలెను. నీరు పచ్చబడినంత మాత్రమున కొలను ఖాళీచేయ నక్కఱలేదు. తోమి, మందు వేసి, వడపోత నడిపిన తేటపడును. వానకాలమున ఖాళీచేసిన, భూమిలోని నీటి ఒత్తిడికి కట్టడము పైకి లేచి పగులవచ్చును.

చివరి మాట అన్నిటికంటె ముఖ్యము. అడుగు స్పష్టముగా కనబడనినాడు ఎవరిని దిగనీయరాదు. మునిగిన బిడ్డ మసకనీటిలో కంటబడదు. చుట్టును కంచె, దానికి గొళ్లెము, ఈత వచ్చిన పెద్ద యొకరి చూపు, ఈ మూడును ఉండవలెను. తేటనీరు వేడుకకు మాత్రమే కాదు. పసిబిడ్డల ప్రాణములకు కాపు.