టాప్లో వార్డు

బార్బరా ఆన్సెల్ స్మృతిలో మాట్లాడమన్నారు. 1923లో పుట్టి 2001లో కన్నుమూసిన ఆ డాక్టరమ్మ గురించి చెప్పాలంటే, ఆవిడ పనిచేసిన వార్డు గురించి చెప్పాలి.

పిల్లలకు కీళ్లవాతమేమిటని ఇప్పటికీ మన ఇళ్లల్లో అడుగుతారు. లండన్‌లో ఈ ప్రశ్నకు 1896లోనే జవాబు దొరికింది. గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి డాక్టరు జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ 22 మంది పిల్లల వివరాలతో ఒక పత్రం చదివాడు. చాలామందికి పాలపళ్లు ఊడకముందే జబ్బు మొదలైంది. కొందరికి కీళ్లవాపుతోపాటు జ్వరం, గ్రంథుల వాపు, ప్లీహం పెరగడం కూడా ఉన్నాయి. ఇది పెద్దల కీళ్లవాతం కాదు, వేరే జబ్బు అని ఆయన వాదించాడు. వాదన నిలిచింది గానీ, ఈ పిల్లలను ఎక్కడికి తీసుకెళ్లాలో తేలడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది.

ఆ చోటు టాప్లో. లండన్‌కు పడమరగా, ఆస్టర్ కుటుంబపు క్లివ్‌డెన్ ఎస్టేటులో యుద్ధకాలంలో కెనడా రెడ్‌క్రాస్ వాళ్లు కట్టిన ఆసుపత్రి. యుద్ధం ముగిశాక, 1947లో, అక్కడ పిల్లల కీళ్లవాతానికి ప్రత్యేక విభాగం మొదలైంది. దాన్ని నడిపిన ఎరిక్ బైవాటర్స్‌కు అప్పటికే మరో రంగంలో పేరుంది: బాంబు దాడుల్లో శిథిలాల కింద నలిగిన వాళ్లకు మూత్రపిండాలు ఎందుకు ఆగిపోతాయో వర్ణించినవాడు. మొదట్లో ఎక్కువ మంచాలు రుమాటిక్ జ్వరం పిల్లలవే. పెన్సిలిన్ వచ్చాక ఆ జ్వరం తగ్గుతూ పోయింది, ఆ మంచాల మీదికి స్టిల్ చెప్పిన పిల్లలు చేరారు. 1951లో ఆన్సెల్ వచ్చారు.

అప్పుడు వాళ్ల చేతిలో ఉన్న మందులు ఎన్ని? ఆస్పిరిన్ ఒకటి. కొత్తగా వచ్చిన కార్టిజోన్ అనే స్టెరాయిడ్ వాపు దించేది, కానీ పిల్లల ఎదుగుదలను ఆపేసేది. స్టెరాయిడ్‌ను రోజు విడిచి రోజు ఇస్తే ఎదుగుదల కొంతైనా దక్కుతుందని తర్వాత ఆన్సెల్, బైవాటర్స్ చూపించారు. మిగతాది ఎక్కువగా చేతిపనే. మోకాలు వంగి బిగుసుకుపోకుండా రాత్రిళ్లు బద్దలు కట్టడం, పొద్దున్నే బిగిసిన కీళ్లను వేడినీళ్లలో ఆడించడం, వార్డులోనే చదువు చెప్పడం. ఇదంతా బంగారు కాలమని చెప్పను. తల్లి పక్కన లేకుండా నెలల తరబడి ఆసుపత్రిలో ఉండటం పిల్లలకు చిన్న శిక్ష కాదు. ఆసుపత్రుల్లో పిల్లలను చూడటానికి తల్లిదండ్రులకు ధారాళంగా అనుమతివ్వాలని బ్రిటన్‌లో ప్లాట్ కమిటీ 1959లో చెప్పాల్సి వచ్చిందంటే, అంతకుముందు పరిస్థితి ఊహించుకోండి.

మందుల కథ త్వరగా ముగిస్తాను. మెథోట్రెక్సేట్ ఈ పిల్లలకు పనిచేస్తుందని 1992లో రుజువైంది. 1999లో ఎటనర్‌సెప్ట్ అనే మందుకు ఈ పిల్లల కోసం అమెరికాలో అనుమతి దొరికింది. వీల్‌చెయిర్‌కు పరిమితమయ్యేవాళ్లు సైకిలు తొక్కే రోజులొచ్చాయి.

అయితే నా మాట ఇది: ప్రత్యేక క్లినిక్ అంటే ఇంజెక్షన్ ఇచ్చే గది కాదు. ఈ జబ్బుతో కంటి లోపలా వాపు రావచ్చు. కన్ను ఎర్రబడదు, నొప్పెట్టదు, నాలుగేళ్ల పాప మసకగా ఉందని చెప్పదు. స్లిట్ ల్యాంప్ అనే పరికరంతో చూస్తేనే బయటపడుతుంది. ప్రమాదం ఎక్కువున్న చిన్నపిల్లలకు మూణ్నాలుగు నెలలకోసారి ఆ పరీక్ష తప్పదు. ఒక మోకాలు వాస్తే ఆ కాలు రెండోదానికంటే పొడవు పెరగవచ్చు. అదీ ఎవరో ఒకరు కొలవాలి. కీళ్ల డాక్టరు, కంటి డాక్టరు, ఫిజియోథెరపిస్టు ఒకే రోజు, ఒకే చోట చూడాలి. టాప్లోలో సరైన మందుల్లేక నేర్చుకున్న ఆ పద్ధతిని, మందులున్న మనం పక్కన పెడుతున్నామేమోనని నా అనుమానం. శ్రీకాకుళం నుంచి రాత్రంతా రైల్లో హైదరాబాదు వచ్చిన తండ్రికి కంటి పరీక్ష కోసం వచ్చేవారం మళ్లీ రమ్మని చీటీ రాసిస్తే, ఆయన కూలి పోగొట్టుకుని ఎన్నిసార్లు రాగలడు?