జబ్బు ముదిరితే యాంటీబయాటిక్ పెంచాల్సిందేనా?

ఒక ఆసుపత్రిలో యాంటీబయాటిక్స్ ఎక్కువ వాడుతున్నారు, ఇంకోదాంట్లో తక్కువ వాడుతున్నారు అనుకుందాం. మొదటిది చెడ్డదనేస్తాం. కానీ అక్కడికి ఎలాంటి రోగులు వస్తున్నారో చూడాలి కదా!

మన విశాఖపట్నం కేజీహెచ్‌నే తీసుకోండి. 1923 నుంచి ఉన్న ఆసుపత్రి. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు ఏజెన్సీ నుంచి, అక్కడ తగ్గని కేసులన్నీ ఇక్కడికే వస్తాయి. దాన్ని జలుబు, జ్వరాలు చూసే చిన్న నర్సింగ్ హోమ్‌తో పోల్చడం న్యాయం కాదు. రోగుల తీవ్రత కూడా కలిపి లెక్కేస్తేనే ఆ అంకెలకి అర్థం ఉంటుంది.

సెప్టిక్ షాక్‌లో, అంటే ఇన్‌ఫెక్షన్ వల్ల బీపీ పడిపోయినప్పుడు, వీలైతే గంటలోపే యాంటీబయాటిక్ పడాలి. కల్చర్ రిపోర్ట్‌కి రెండు మూడు రోజులు పడుతుంది. అంతవరకు ఆగితే మనిషి దక్కడు. అందుకే ముందు ఎక్కువ రకాల బ్యాక్టీరియా మీద పనిచేసే మందు మొదలుపెడతారు. అది సరైన పనే.

అయితే ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. జబ్బు తీవ్రంగా ఉందంటే బ్యాక్టీరియా ఉన్నట్టే అనుకుంటాం. డెంగ్యూతో ఐసీయూలో ఉన్నా, అది వైరసే. యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయలేదు. 2017లో 88 దేశాల ఐసీయూల్లో ఒకే రోజు లెక్క తీశారు. ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్ళు, ఉందని అనుమానించినవాళ్ళు కలిపి 54 శాతం. యాంటీబయాటిక్ తీసుకుంటున్నవాళ్ళు 70 శాతం! ఆ తేడా అంతా తప్పని కాదు, ఆపరేషన్లప్పుడు ముందుజాగ్రత్తగా ఇచ్చేవీ ఉంటాయి. కానీ ఆలోచించాల్సిన తేడానే.

కాబట్టి తీవ్రతని బట్టి మందు వేగంగా మొదలుపెట్టాలి. రెండు మూడు రోజులకి రిపోర్ట్ చూసి తగ్గించాలి, మార్చాలి, అక్కర్లేకపోతే ఆపాలి. మొదలుపెట్టడం అందరూ చేస్తారు, ఆపడానికే ధైర్యం కావాలి. బంధువులు కూడా "పెద్ద మందు ఆపేశారేంటి?" అని కంగారు పడతారు. పడకండి. చాలాసార్లు అది మంచి వైద్యానికి గుర్తు.

2019లో మందులకి లొంగని బ్యాక్టీరియా వల్లే ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. ఈరోజు అనవసరంగా వాడిన మందు, రేపు నిజంగా అవసరమైనవాళ్ళకి పనిచేయకపోవచ్చు.

మీవాళ్ళు ఆసుపత్రిలో ఉంటే డాక్టరుగారిని మర్యాదగా మూడు ప్రశ్నలు అడగండి. కల్చర్‌కి పంపారా అండి? రిపోర్ట్ ఎప్పుడొస్తుంది? ఈ మందు ఇంకా ఎన్ని రోజులు? మీ అంతట మీరు మాత్రం ఆపేయకండి.